వానను గెలిచి యెండకు లొంగిన వస్త్రము

నూలుబట్టకు చాకిరేవు, పట్టునకు నీడపట్టు, ఉన్నికి చిమ్మటలనుండి రక్షణ—ఇట్లు మనుష్యుడు ధరించు ప్రతి వస్త్రమునకును దానికి దగిన పరిచర్య యొకటి కలదు గాని, చెట్టు పాలను గట్టిపరచి చేసిన రబ్బరు వస్త్రమునకు వలె పరిచర్యయే చరిత్రయైన వస్త్రము మరియొకటి కానరాదు. క్రీ.శ. 1615 లో హ్వాన్ దె టార్కెమాదా యను స్పానిష్ క్రైస్తవ సన్న్యాసి మెక్సికో దేశపు వృత్తాంతమును వ్రాయుచు, అచ్చటి స్పెయినువారు ‘ఊలీ’ యను చెట్టు పాలను ముతకబట్టపై బూసి వానకు కప్పుకొనుచుండిరనియు, అది నీటిని చక్కగా నిలువరించును గాని ఎండవేడిమికి మాత్రము కరగి చెడుననియు సంగ్రహముగా చెప్పియున్నాడు. పిమ్మట రెండు శతాబ్దములకు పైగా ఐరోపా యందును అమెరికా యందును జరిగిన ప్రయత్నములన్నియు ఆ చిన్న ఫిర్యాదునకు సమాధానము వెదకుటయే. విచిత్రమేమనగా, ఆ సమాధానములో కొంత భాగము ఆ దేశపు ఆదిమవాసులకు ఏనాడో తెలిసియుండెను. రాత్రివేళ తెల్లని పూవులు పూయు నొక తీగ రసమును ఆ పాలలో కలిపి, సాగుటయు ఎగురుటయు గల బంతులను వారు చేసికొనుచుండిరి. ఎల్ మనతీ యను చోట బురదలో దొరకిన బంతులు క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటివి. బంగారము కొఱకు వచ్చినవారికి తీగ రసము మీద దృష్టి నిలుచునా?

ఐరోపా పండితులకు ఈ పదార్థము పరిచయమైనది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లా కొందమీన్ వలన. భూమి ఆకృతిని కొలుచుటకై దక్షిణ అమెరికాకు పోయిన ఆయన 1736 లో దీని నమూనాలను పారిసునకు పంపెను. 1770 లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇది సీసపుకడ్డీ గీతలను చెరిపివేయునని వ్రాసెను. కాని చెట్టునుండి కారిన కొన్ని గంటలకే గడ్డకట్టు పాలు సముద్రము దాటి రాలేకపోయినవి; వచ్చినవన్నియు ఎండి నల్లబడిన ముద్దలు. వాటిని మరల పలుచనచేయు ద్రవము దొరకనిదే బట్టకు పూయుట ఎట్లు? టర్పెంటైను తైలము అందులకు పనికివచ్చునని తేలిన పిదప దాని తొలి ఘనకార్యము మానవ దేహము మీద గాక ఆకాశమున జరిగినది. 1783 ఆగస్టు 27 వ తేదీన పారిసులోని షాన్ ద మార్స్ మైదానమునుండి చార్లెస్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఎగురవేసిన ఉదజని వాయువు బుడగకు, రోబేర్ సోదరులు పట్టుబట్టపై రబ్బరు ద్రావకము పూసి చర్మమును కూర్చిరి. ముప్పావు గంట సేపు తేలియాడి గొనెస్ గ్రామమున దిగిన ఆ బుడగను, ఏదో భూతమని భ్రమించిన రైతులు పంగలకఱ్ఱలతో పొడిచి చీల్చివేసిరి. రబ్బరుబట్ట యొక్క తొలి విజయము ఈ విధముగా గుఱ్ఱపు తోకకు కట్టబడి ఈడ్వబడినదని చెప్పుదురు.

1791 లో శామ్యూల్ పీల్ అను ఆంగ్లేయుడు టర్పెంటైనుతో కరిగించిన రబ్బరును బట్టకు పూయు విధానమునకు హక్కుపత్రమును పొందెను. అయినను ఆ పూత జిగట వదలదు. ఆరినట్లు కనబడి అరచేతికి అంటుకొనును. ఈ జిగటను తొలగింపలేక, దానిని దాచిపెట్టు ఉపాయమును కనిపెట్టినవాడు గ్లాస్గో నగర వాసియైన చార్లెస్ మాకింటోష్. ఆయన రంగుల వ్యాపారి కుమారుడు. రంగు తయారీకి అమ్మోనియా కావలసి, నగరమునకు దీపవాయువు నిచ్చు కర్మాగారమువారు వ్యర్థమని పారబోయు తారును, అమ్మోనియా నీటిని గుత్తకు తీసికొనెను. అమ్మోనియా తీసికొనగా మిగిలిన తారును బట్టీ పట్టినప్పుడు వచ్చిన నాఫ్తా యను తేలిక తైలము ఏమి చేయుటకును తోచక యుండగా, అది రబ్బరును కరిగించుటకు మిక్కిలి అనుకూలమని తెలియవచ్చెను. ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నున్న జేమ్స్ సైమ్ 1818 లోనే ఈ సంగతిని కనుగొనినను దానితో వ్యాపారము చేయ తలపెట్టలేదు. మాకింటోష్ 1823 లో హక్కుపత్రమును పొంది, మరుసటి సంవత్సరమే మాంచెస్టరు మిల్లుల యజమానులతో కలిసి కార్ఖానా నెలకొల్పెను. ఆయన యుక్తి సులభమైనది: రెండు బట్టలకు ఒక్కొక్క ప్రక్క ద్రావకము పూసి, ఆ పూసిన ముఖములను ఒకదానికొకటి అంటించి నొక్కుట. జిగట మధ్యలో బంధింపబడెను. వెలుపలను లోపలను ధరించువానికి తగులునది బట్టయే.

బట్ట సిద్ధమైనంత మాత్రమున కోటు సిద్ధము కాదు గదా! దర్జీ చేతికి చేరినతోడనే అసలు చిక్కు వచ్చిపడెను. నీరు చొరని బట్టకు సూది గ్రుచ్చిన ప్రతిచోటను నీరు చొచ్చు బెజ్జము ఒకటి ఏర్పడును. వీపు మధ్య కుట్టు, భుజముల కుట్టు, చేతుల కుట్టు వెంబడి వాన వరుసగా లోనికి దిగును. కొన్నవాడు దర్జీని గాక బట్టను నిందించెను. మాకింటోష్‌తో భాగస్వామియైన థామస్ హాన్‌కాక్ తన స్వీయవృత్తాంతమున ఈ దర్జీలను గూర్చి వ్రాసిన తీరు చూచిన, రసాయన శాస్త్రము కన్న వారే ఆయనకు ఎక్కువ మనస్తాపము కలిగించినట్లు తోచును. తుదకు కార్ఖానావారే కోట్లు కుట్టించి, కుట్ల వెంబడి ద్రావకము పూసి పట్టీలు అంటించి అమ్మవలసి వచ్చెను. ఈ హాన్‌కాక్ బండ్ల తయారీనుండి వచ్చినవాడు. కత్తిరింపగా మిగిలిన రబ్బరు ముక్కలు వృథా కాకుండుటకై ముండ్లు గల గుండ్రని యంత్రములో వేసి త్రిప్పగా, అవి పొడిపొడి యగుటకు బదులు వేడెక్కి ఒకే ముద్దగా కలియుట చూచి ఆశ్చర్యపడినవాడు. ఆ రహస్యము బయటికి పొక్కకుండ యంత్రమునకు ‘పచ్చడి’ యని అర్థము వచ్చు ఆంగ్ల నామము పెట్టి, ఏండ్ల తరబడి పనివారిచేత గుట్టు కాపాడించెను.

కుట్లు సరిపడినను తక్కిన దోషములు తీరలేదు. శీతకాలమున కోటు అట్టవలె బిఱ్ఱబిగియును. విప్పి నిలువబెట్టిన నిలుచును. వేసవిలో మెత్తబడి మడతలు అంటుకొనును. ఉన్నిబట్టతో చేసిన కోటునకు ఆ ఉన్నిలోని సహజమైన జిడ్డే శత్రువై లోపలి రబ్బరును కుళ్లించును. ఇక వాసన సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. తారు, టర్పెంటైను కలిసిన ఆ దుర్గంధమును బండిలో తోటి ప్రయాణికులు సహింపలేకపోయిరి. దేహపు చెమట వెలికి పోవు త్రోవ లేక, వానలో తడియకుండ బయలుదేరినవాడు తన చెమటతోనే తడిసి ఇల్లు చేరుచుండెను. తరువాతి కాలమున చంకల క్రింద చిన్న రంధ్రములు పెట్టుట ఇందులకే. అంతలో పైకప్పు గల రైలుబండ్లు వచ్చి, బండిపై వానలో కూర్చుండి ప్రయాణము చేయువారి సంఖ్య తగ్గుటతో బేరము కొంత సన్నగిల్లెను.

అట్లాంటికునకు ఆవలిగట్టున నష్టము ఇంకను ఘోరముగ నుండెను. మాసచూసెట్సులోని రాక్స్‌బరీ యందు 1833 లో ఆరంభమైన రబ్బరు కంపెనీ చెప్పులు, కోట్లు, టోపీలు విరివిగా అమ్మెను. వేసవి వచ్చుసరికి అవి కరగి కంపుకొట్టుచు కట్టలు కట్టలుగా తిరిగి వచ్చినవి. వాటిని గోతులు త్రవ్వి పూడ్చిపెట్టవలసి వచ్చినది. దివాలా తీసిన ఇనుపసామానుల వ్యాపారి చార్లెస్ గుడియర్ ఈ కంపెనీ దుకాణమునకు 1834 లో వచ్చి, నీటిలో తేలుటకు కట్టుకొను గాలితిత్తికి మెఱుగైన మూతి నొకదానిని చేసి చూపగా, మూతి సంగతి అటుంచి రబ్బరునే బాగుచేయగలవాడు కావలెనని వారు చెప్పిరట. అతడు ఆ మాటనే పట్టుకొనెను. అప్పులవారి చెరసాలలో కూర్చుండి రబ్బరు పిసికెను, భార్యాబిడ్డలను పస్తులుంచెను, పుస్తకములు తాకట్టు పెట్టెను. రబ్బరు కోటు, రబ్బరు టోపీ, రబ్బరు బూట్లు ధరించి, కాసు లేని రబ్బరు సంచితో తిరుగువాడెవడో వాడే గుడియర్ అని జనులు పరిహసించిరి. అమెరికా తపాలా శాఖ వారికి చేసిన 150 సంచులు తగిలించిన చోటనే కారి క్రిందపడినవి. గంధకమును కలుపు యోచన నథానియల్ హేవర్డ్ అను పనివానిది; దానిని గుడియర్ కొనెను. 1839 లో గంధకము కలిపిన ముక్క ఒకటి కాలుచున్న పొయ్యికి తగిలి, కరగుటకు మాఱుగా తోలువలె మాడి అంచున మాత్రము సాగు గుణము నిలిచియుండుట అతని కంట పడెను. ఎంత వేడి, ఎంతసేపు అని తేల్చుకొనుటకు మరి కొన్ని ఏండ్లు పట్టినవి.

ఆ ఆలస్యమే అతని కొంప ముంచెను. అతడు ఇంగ్లండునకు పంపిన నమూనాలలో ఒకటి 1842 లో హాన్‌కాక్ చేతబడెను. పైన తేలిన పసుపు పొడిని చూచి అది గంధకమని ఊహించిన హాన్‌కాక్ 1843 నవంబరు 21 న తానే ఆంగ్లదేశపు హక్కునకు దరఖాస్తు పెట్టెను. గుడియర్ దరఖాస్తు కొలది వారములు వెనుకబడినది. అమెరికా హక్కు మాత్రము 1844 జూన్ 15 న గుడియర్‌కే దక్కినది. హాన్‌కాక్ చేసిన పని చట్టమునకు లోబడినదే. అయినను ఇతరుని చేతివంటను రుచి చూచి పాకము చెప్పుట వేఱు, తొలిసారి పొయ్యి ముందు కూర్చుండుట వేఱు. గుడియర్ 1860 లో మరణించునాటికి సుమారు రెండు లక్షల డాలర్ల ఋణము మిగిల్చెను. అతని పేరు మోయు చక్రముల కంపెనీ అతడు చనిపోయిన చిరకాలమునకు ఇతరులు పెట్టినది. అతని కుటుంబమునకు దానితో సంబంధము లేదు.

గంధకము చేసిన పని యేమనగా, రబ్బరులో ఒకదానిపై ఒకటి జారు పొడవైన అణుమాలలను అక్కడక్కడ వంతెనలవలె బంధించుట. అందుచేత అవి సాగును గాని జారిపోవు. కాని వంతెన పడని తావులు చాల మిగిలియుండును; గాలిలోని ప్రాణవాయువు, ఓజోను అచ్చటనే పట్టి కొరుకును. రాగి, మాంగనీసు ఈ కొరుకుడును త్వరితపరచును. సూర్యకాంతి దానికి తోడు. నూనె వంతెనల నడుమ చొరబడి ఉబ్బించును. వానకోటు కరగుట మానినది గాని నశించుట మానలేదు.

1846 లో అలెగ్జాండర్ పార్క్స్ వేడి లేకయే ఈ క్రియను జరుపు మార్గము కనుగొనెను: గంధక క్లోరైడును కార్బన్ డైసల్ఫైడులో కలిపి పలుచని వస్త్రమును అందు తడుపుట. తేలికైన ఒంటిపొర కోట్లకు, చేతితొడుగులకు ఇది మిక్కిలి అనుకూలించినది. ఆ తేలికదనము వెల ఇతరులు చెల్లించిరి. ఆ ఆవిరి పీల్చిన పనివారికి తలనొప్పి, ఉద్రేకము, మతిభ్రమణము, కాళ్లు పట్టుదప్పుట కలుగుచున్నవని పారిసు వైద్యుడు ఒగుస్త్ దెల్పెష్ 1856 లో తెలియజేసెను. పిచ్చియెత్తి క్రిందకు దూకుదురేమో యని కొన్ని కార్ఖానాలలో కిటికీలకు ఇనుపకమ్ములు వేయించిరని తరువాతి ఆంగ్ల వైద్యులు వ్రాసియున్నారు. గాలి వచ్చు మార్గమును మెఱుగుపరచుటకు బదులు కమ్ములు బిగించిన యజమానుల వివేకమును ఏమని మెచ్చుకొనవలెను!

చెట్ల వద్ద జరిగిన కథ దీనికి తీసిపోదు. కాంగోలో, పుతుమాయో నదీతీరమున రబ్బరు కొఱకు జరిగిన క్రౌర్యములను బ్రిటిషు కాన్సలు రోజర్ కేస్‌మెంట్ నివేదికలు లోకమునకు చాటినవి. హెన్రీ విక్‌హామ్ 1876 లో బ్రెజిలునుండి లండనులోని క్యూ ఉద్యానమునకు చేర్చిన 70,000 గింజలలో మొలచినవి రెండువేల పైచిలుకు మాత్రమే. వాటిలో అధికభాగము సింహళమునకు పోయినది. ఆ సంతతియే మలయా కొండచరియలను కప్పినది. చెట్టును చంపకుండ ప్రతిదినము పలుచని గాటు పెట్టి పాలు తీయు పద్ధతిని సింగపూరు ఉద్యానాధికారి హెన్రీ రిడ్లీ స్థిరపరచెను. ఆ గాటు పెట్టిన చేతులలో మనవారివియు కలవు. విశాఖపట్టణము, గంజాము మండలములనుండి ఓడలెక్కి మలయా తోటలకు పోయిన తెలుగు కూలీ కుటుంబములు, ఈతచెట్టు గీచుట ఎఱిగిన సీమ వారగుటచేత కాదు గాని, కఱవు తరుముటచేతనే ఆ పనికి కుదిరిరి. ఎండ ముదిరిన పాలధార సన్నగిల్లును గనుక కోడికూతకు ముందే లేచి, దీపము వెలుగున కత్తితో బెరడును కాగితమంత మందమున గీచి, చెట్టునకు కట్టిన చిప్పలోనికి పాలు దించి, ప్రొద్దెక్కిన పిమ్మట బకెట్లతో మోసి, ఆమ్లము కలిపి పేరబెట్టి, రేకులుగా ఒత్తి పొగబెట్టుటతో వారి దినము గడచెడిది. ఆ రేకులు ఏ కోటుగా మాఱి ఎవని వీపు నెక్కునో వారికి తెలియదు. ఆ తోటలలో వర్షము కురియునపుడు వారి తలపై నుండునది గోనెసంచియే.

మన దేశమున వానకోటును సామాన్యులకు అలవాటు చేసిన కీర్తి కలకత్తా యందు 1920 లో సురేంద్ర మోహన్ బోసు నెలకొల్పిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థకు చెందును. వారి ‘డక్‌బాక్’ కోటు తపాలా జవానులకు, బడిపిల్లలకు, పొలముగట్ల వెంట తిరుగు ఉద్యోగులకు సుపరిచితము. తెలుగు నాట నాలుగు నెలలు తొడిగి ఎనిమిది నెలలు దాచవలసిన వస్తువది. ఆ ఎనిమిది నెలలలో మూడు నెలలు నిప్పులు చెరుగు వేసవి. మడిచి రేకుపెట్టెలో పెట్టిన కోటును తొలకరినాడు తీసిన ఇల్లాలికి దాని అవస్థ వేఱుగ చెప్పనక్కఱలేదు. మడత విప్పునపుడు చర్ మని చప్పుడగును. మడతపడిన చోట రబ్బరు ఒక ప్రక్కనుండి ఊడి రెండవ ప్రక్కకు అతుకుకొని, బట్ట యొక్క అల్లిక బయటపడును. తల నూనె తగులు మెడపట్టీ తక్కిన కోటు కన్న ముందుగా ఉబ్బి బంకయగును. జాగ్రత్తపరులు కోటును మంచినీటితో తుడిచి, నీడను ఆరవేసి, లోపల వెలుపల సుద్దపొడి చల్లి, మడువక చీకటిగదిలో వెడల్పాటి కఱ్ఱకు తగిలించెడివారు. అట్టి కోటు పదియేండ్లు మన్నినను ఆశ్చర్యము లేదు.

ఇంతవరకు చెప్పినదంతయు రబ్బరు పూసిన బట్ట. బట్టయే లేక కేవలము పాలతో ఉడుపు చేయుట ఇరువదవ శతాబ్దపు పని. పాలలో అమ్మోనియా కలిపిన గడ్డకట్టక ఓడలలో దూరదేశములకు పోవునని స్థిరపడిన పిదప, అచ్చును పాలతొట్టిలో ముంచి యెత్తి, ఆరబెట్టి, ఒలిచి తీయుట సాధ్యమయ్యెను. 1932 లో అబ్రామ్ స్పానెల్ స్థాపించిన ఇంటర్నేషనల్ లేటెక్స్ సంస్థ ఈ పద్ధతిని పసిబిడ్డల లాగులతో ప్రారంభించి, 1940 లో ‘ప్లేటెక్స్’ పేరిట స్త్రీలు నడుమునకు బిగించుకొను అతుకులేని పట్టీని అమ్మకమునకు పెట్టెను. దానిని తొడుగుటకు ముందు పొడి చల్లుకొనవలెను. విప్పినపిదప కడిగి ఆరవేసి మరల పొడి చల్లవలెను. నడుము సన్నము కావలెనన్న కోరికకు ఇంత నిత్యానుష్ఠానము అవసరమైనది.

ఆ నడుముపట్టీల సంస్థయే చంద్రునిపై నడచినవారి ఉడుపులను చేసినదనగా నమ్ముట కష్టము గాని, అది యథార్థము. గాలి నింపిన ఉడుపు బిగిసి బల్లచెక్కవలె నిలుచును. మోచేయి మోకాలు వంగుటకు అనువైన ముడుతల కీళ్లు కావలెను. వాటిని రబ్బరుపాలలో ముంచి తీయు నేర్పు ప్లేటెక్సు వారికే వంటబట్టియుండెను. అమెరికాలోని డోవరు పట్టణమున నిన్నటివరకు లోదుస్తులు కుట్టిన స్త్రీలే, అంగుళములో ముప్పదిరెండవ వంతు తేడా రానీయక 21 పొరల ఉడుపును కుట్టిరి. మఱచిన గుండుసూది ఒక్కటి ప్రాణము తీయును గనుక, ఉడుపులను ఎక్సురే తీసి మరీ సూదుల కొఱకు వెదకెడివారు. సూది బెజ్జము విషయమై హాన్‌కాక్ పడిన వేదన ఇచ్చట ప్రాణసంకటమైనది.

1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ ధరించిన ఉడుపు వాషింగ్టనులోని మ్యూజియమునకు చేరిన పిమ్మట, గాలి లేని చంద్రతలము కన్న గాలి గల భూతలమే దానికి హానికరమని తేలినది. కొలది నెలలు మన్నిన చాలునని చేసిన వస్తువు శతాబ్దములు నిలువవలెనని జనులు కోరిరి. లోపలి రబ్బరు గట్టిపడి పెళుసైనది. తిన్నగ నిలబెట్టినచోట బీటలు వారినది. మ్యూజియమువారు ఈ ఉడుపులను సుమారు 17 డిగ్రీల సెంటిగ్రేడు చలువలో, నూటికి 30 వంతుల తేమలో, వెలుతురు సోకని గదిలో పరుండబెట్టి, లోపల పుట్టు ఆవిరులు తొలగునట్లు గాలి ఆడనిచ్చు ఏర్పాట్లు చేసిరి. చెడిన రబ్బరును మరల మెత్తపరచు మందు వారికి దొరకలేదు. చెడుటను మెల్లపరచుటయే వారి వైద్యము.

1974 ప్రాంతమున లండను కింగ్స్ రోడ్డులో వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్‌ల దుకాణము రబ్బరు ఉడుపులను వీథిలోనికి తెచ్చినది మొదలు, అవి వేడుకగను, ధిక్కారముగను, పిమ్మట నాటకరంగపు, చలనచిత్రపు అలంకారముగను వ్యాపించినవి. నేడు ఈ పనివారు సూదిని దాదాపుగా ముట్టరు. అర మిల్లీమీటరు మందము కూడ లేని రబ్బరు రేకును కత్తిరించి, అంచులకు జిగురు పూసి, ఆరనిచ్చి, ఒకదానిపై నొకటి ఉంచి ఉరుళకఱ్ఱతో ఒత్తుదురు. తొడుగువారు గోళ్లు కత్తిరించుకొని, ఉంగరములు తీసివేసి, లోపల పొడియో సిలికోను ద్రవమో రాచుకొని, బట్టను వ్రేళ్ల కొనలతో గిల్లక అరచేతితో మెల్లగ జరుపుకొనవలెను. తలనూనె, లేపనము, వెన్న దగ్గరకు రారాదు. రాగి నాణెమును పట్టుకొనిన చేతితో తెల్లని రబ్బరును తాకిన గోధుమవర్ణపు మచ్చ పడును. ఆ మచ్చ కడిగినను పోదు. విప్పిన పిమ్మట గోరువెచ్చని నీట కొంచెము సబ్బుతో కడిగి, ఒక ముఖము ఆరిన పిదప తిరుగవేసి రెండవ ముఖమును నీడను ఆరవేసి, పొడి చల్లి, నల్లని సంచిలో దాచవలెను. నలుపు, తెలుపు ఉడుపులను ఒకే సంచిలో పెట్టిన నలుపు రంగు తెలుపును పట్టును. చిరుగు కానవచ్చిన వెంటనే అదే మందము గల చిన్నముక్కను కోణములు లేకుండ గుండ్రముగ కత్తిరించి, లోపలి ప్రక్క అతికింతురు. కోణమున్నచో సాగినప్పుడు బలమంతయు అచ్చట చేరి, అతుకు అచ్చటినుండియే లేచును.